మామోగ్రామ్ మామూలుది చాలా, త్రీడీ చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చిత్తూరులో ఉండే మీ అమ్మగారికి 51 ఏళ్ళు. గడ్డ లేదు, నొప్పి లేదు. పిన్నిగారికి రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి మీకు నిద్ర లేదు. తిరుపతిలో ఒకచోట మామూలు డిజిటల్ మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) చాలన్నారు, ఇంకోచోట త్రీడీ చేయించమన్నారు. డబ్బు తేడాకు తగిన లాభం ఉందా, రేడియేషన్ ఎక్కువ తగులుతుందా, ఎక్కడ చేయించాలి అన్నవి మీ సందేహాలు. పైగా ఇంట్లో పెద్దవాళ్ళు "ఏమీ లేనిదానికి పరీక్షలెందుకు" అంటున్నారు.

సూటిగా చెప్తాను. మామోగ్రామ్ చేయించండి. త్రీడీ అందుబాటులో ఉండి, తేడా డబ్బు భారం కాకపోతే త్రీడీయే మేలు. అది దొరకలేదనో, డబ్బు కూడలేదనో వచ్చే ఏడాదికి వాయిదా వేసేంత తేడా మాత్రం రెండింటి మధ్య లేదు. మిషను సంగతి కంటే ముందు ఆరా తీయాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. నేను డాక్టరును కాను. తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, రెండు రకాల మిషన్ల ముందూ నిలబడి వచ్చినదాన్ని.

నాకూ అప్పుడు గడ్డ లేదు. అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ అవగాహన పేరుతో ఆసుపత్రులు రాయితీలు ప్రకటిస్తాయి కదా, మా ఆఫీసు ఆడవాళ్ళమంతా కలిసి వెళ్ళాం. జతకు నలుగురు ఉన్నారన్న ధైర్యమే తప్ప నాలో ఏ అనుమానమూ లేదు. తీరా చూస్తే నా రిపోర్టులో కుడివైపు ఒకచోట, ఎడమవైపు ఒకచోట నీడలాంటిది ఉందని రాశారు. కణజాలం సాంద్రత 'సి' అని, చివర బిరాడ్స్ అనే అంచనా అంకె సున్నా అని వేశారు. ఆ సున్నా చూసి మా ఆయన మొహం వెలిగిపోయింది. "సున్నా అంటే ఏమీ లేదనేగా, పద ఇంటికి" అన్నారు.

బిరాడ్స్ సున్నా అంటే "ఈ బొమ్మలతో తేల్చలేకపోతున్నాం, ఇంకో పరీక్ష కావాలి" అని. ఒకటి వేస్తే ఏమీ లేదు. రెండు వేస్తే ఏదో ఉంది కానీ అది నిరపాయమైనది. మూడు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, అయినా ఆరు నెలలకు మళ్ళీ చూడాలి. నాలుగైతే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాల్సిందే, అందులో మళ్ళీ ఏ, బీ, సీ అని అనుమానం మెట్లు ఉంటాయి. ఐదు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతానికి పైనే. ఆరు వేసేది అప్పటికే ముక్క పరీక్షలో రుజువైన వారికి. అమ్మగారి రిపోర్టు చేతికి రాగానే మొదట ఈ అంకె చూడండి, ఆ తర్వాత సాంద్రత అక్షరం చూడండి.

సాంద్రత గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మీ త్రీడీ ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉంది. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా, పాలగ్రంథుల కణజాలం తెల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ కూడా తెల్లగానే కనిపిస్తుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ముకు 'ఏ' అని, తెల్లటి కణజాలం దట్టంగా నిండినదానికి 'డి' అని వేస్తారు. 'సి', 'డి'లలో తెల్లటి దాని వెనుక తెల్లటిది దాక్కుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వేర్వేరు లోతుల్లో ఉన్న మామూలు కణజాలం ఒకదాని మీద ఒకటి పడి, లేని గడ్డ ఉన్నట్టు కనిపించవచ్చు. సాంద్రత చేత్తో తడిమితే తెలిసేది కాదు, రొమ్ము పరిమాణంతోనూ సంబంధం లేదు. బొమ్మ తీస్తేనే తెలుస్తుంది.

టోమోసింథసిస్ అనే త్రీడీ పద్ధతి ఈ చిక్కు విప్పడానికి వచ్చిందే. తిరుపతి నుంచి రేణిగుంట వైపు బస్సులో వెళ్తూ శేషాచలం కొండలు చూడండి. ఒకచోట నిలబడి చూస్తే ముందు కొండ వెనుక కొండను కప్పేసి రెండూ ఒకటే అనిపిస్తాయి. బస్సు కదిలితే విడివడి దేనికది కనిపిస్తుంది. ఇక్కడ కూడా ఎక్స్‌రే గొట్టం ఒకేచోట ఆగకుండా రొమ్ము పైన విల్లులా వంగి కదులుతూ, తక్కువ మోతాదులో అనేక బొమ్మలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని లెక్కగట్టి దాదాపు ఒక్కో మిల్లీమీటరు మందాన పొరలు పొరలుగా చూపిస్తుంది. అమెరికాలో దీనికి మొదట అనుమతి వచ్చింది 2011లో. కాబట్టి నిన్నమొన్నటి ప్రయోగమేమీ కాదు.

నన్ను ఆ మిషను మీదికి పంపాక రేడియాలజిస్టు డాక్టరమ్మ తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించారు, అందరూ చూపించరు. మౌసు చక్రం తిప్పుతుంటే పొరలు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. కుడివైపు నీడ ఉన్నచోటికి వచ్చేసరికి ఏమీ లేదు. ఒక పొరలో సన్నటి తెల్ల తీగ, కొన్ని పొరల కింద ఇంకో తీగ, అంతే. రెండూ ఒకదాని మీద ఒకటి పడి మామూలు బొమ్మలో గడ్డలా భయపెట్టాయి. ఎడమవైపు తిప్పుతూ వచ్చారు. బూడిదరంగు మసకలోంచి కందిగింజంత తెల్లటి చుక్క తేలింది, చుట్టూ సన్నటి ముళ్ళతో. ఇంకొన్ని పొరలు తిప్పగానే మాయమైంది. వెనక్కి తిప్పితే మళ్ళీ అక్కడే ఉంది. కొలిస్తే సెంటీమీటరు కూడా లేదు. అది ఎక్కడుందో తెలిశాక కూడా డాక్టరు వేళ్ళకు గానీ నా వేళ్ళకు గానీ తగల్లేదు.

తర్వాతి కథ క్లుప్తంగా చెప్తాను. అల్ట్రాసౌండ్ చేస్తూ, చోటు చూసుకుని, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూది తుపాకీతో ముక్కలు తీశారు. నొప్పి కంటే ఆ "టక్" శబ్దానికే ఉలిక్కిపడ్డాను. క్యాన్సరేనని వచ్చింది. గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచారు, చంకలో మొదటి బిళ్ళలు (లింఫు గ్రంథులు) తీసి చూస్తే పాకలేదు. కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టారు, ఇప్పటికీ హార్మోను మాత్ర వేసుకుంటున్నాను. నా రకానికి, నా దశకు కీమో అవసరం లేదన్నారు. "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది" అని మా వీధిలో ఇద్దరు ముగ్గురు చెప్పారు. మీకూ ఎవరో ఒకరు చెప్తారు, చెవిన పెట్టకండి. ఆ ముక్క లేకపోతే అది ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తెలిసే దారి లేదు.

నా ఒక్కదాని అనుభవం పట్టుకుని డబ్బు పెట్టమనడం న్యాయం కాదు, లెక్కలు కూడా చూడండి. అమెరికాలో 13 కేంద్రాల్లో నాలుగున్నర లక్షలకు పైగా పరీక్షల్ని పోల్చి 2014లో ఫలితాలు ప్రచురించారు. మామూలు డిజిటల్ పద్ధతిలో వెయ్యి మందిలో 107 మందిని "మళ్ళీ రండి" అని పిలవాల్సి వచ్చింది, త్రీడీ జోడించాక అది 91కి తగ్గింది. చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకెళ్ళే రకం క్యాన్సర్లు వెయ్యికి 2.9 నుంచి 4.1కి ఎక్కువగా దొరికాయి. జర్మనీలో దాదాపు లక్షమంది స్త్రీలను చీటీ వేసినట్టు రెండు వర్గాలు చేసి పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో మామూలు పద్ధతిలో వెయ్యికి 4.8, త్రీడీలో 7.1 దొరికాయి. లాభం ఉంది, కానీ వెయ్యి మందిలో ఒకటి రెండు లెక్కన. త్రీడీ వల్ల మరణాలు తగ్గుతాయని మాత్రం ఇంకా రుజువు కాలేదు. దాన్ని అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

రేడియేషన్ భయం తీసి పక్కన పెట్టండి. మామూలు మామోగ్రామ్‌తో ఒంటికి తగిలేది సుమారు 0.4 మిల్లీసీవర్ట్. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాది పొడవునా మనిషికి తగిలేది ప్రపంచ సగటున 2.4. త్రీడీలో రెండు విధానాలున్నాయి. కొన్నిచోట్ల మామూలు బొమ్మ విడిగా, పొరల బొమ్మ విడిగా తీస్తారు, అప్పుడు మోతాదు దాదాపు రెట్టింపు అవుతుంది. కొత్త మిషన్లు పొరల నుంచే మామూలు బొమ్మను కూర్చుతాయి, అప్పుడు పెద్ద తేడా ఉండదు. "రెండుసార్లు తీస్తారా, త్రీడీ నుంచే టూడీ తయారవుతుందా" అని ఫోనులోనే అడగండి. జవాబు చెప్పే తీరును బట్టి ఆ కేంద్రం సంగతి కొంత తెలిసిపోతుంది. మిషనుకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి, అదీ అడగవచ్చు.

ఇంతకంటే ముఖ్యమైన రెండు ప్రశ్నలు ఇవి. బొమ్మలు చదివేది ఎవరు, రోజూ మామోగ్రామ్‌లు చూసే రేడియాలజిస్టేనా? బొమ్మలు సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ పూర్తిగా ఇస్తారా? రెండోదాని వెనుక ఒక కథ ఉంది. మా వదిన ఒకచోట త్రీడీ చేయించుకుని, వాళ్ళు ఇచ్చిన ఫిల్మును పెద్ద కవరులో పెట్టుకుని వేలూరు వెళ్ళింది. పొరల బొమ్మ ఫిల్ము మీద ఎలా వస్తుంది? వచ్చింది ఏదో ఒక్క పొర. అక్కడి డాక్టరు మిగతావి కావాలన్నారు. ఇక్కడ ఫోను చేస్తే "మా దగ్గర ఉంచుకోమమ్మా" అన్నారు. త్రీడీకి డబ్బు కట్టి టూడీ ఫిల్ము ఇంటికి తెచ్చుకున్నట్టయింది, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి. చిత్తూరు నుంచి మీకు తిరుపతి కంటే వేలూరే దగ్గర, రెండో అభిప్రాయానికి అక్కడికి వెళ్ళే అవకాశం ఎక్కువ. సీడీ తీసుకోకుండా కేంద్రం గడప దాటకండి. పాత మామోగ్రామ్ ఏదైనా ఉంటే అదీ వెంట తీసుకెళ్ళండి. నిరుడు లేని చుక్క ఈ ఏడు ఉందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కడ చేయించాలని అడిగారు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి వైపు టాటా ట్రస్టుల సహకారంతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. క్యాన్సర్ పరీక్షలు చేయడానికి ఊళ్ళకు వచ్చే స్విమ్స్ పింక్ బస్సు గురించి కూడా విని ఉంటారు. ఎక్కడ త్రీడీ నడుస్తోంది, ఎంత తీసుకుంటారు అన్నది వెళ్ళే ముందు ఫోను చేసి కనుక్కోండి. నా వరకు అయితే, ఏదైనా తేలితే అల్ట్రాసౌండ్, ముక్క పరీక్ష, ఆపరేషన్ ఒకే ప్రాంగణంలో జరిగే చోటుకే ఓటు. కవరు చంకన పెట్టుకుని నాలుగు గడపలు తొక్కే ఓపిక ఆ సమయంలో ఉండదు.

అమ్మగారు ఎక్కువగా భయపడేది నొప్పికీ సిగ్గుకీ అయి ఉంటుంది, మా అందరికీ అంతే. లోపల ఉండేది టెక్నీషియన్ అమ్మాయే కావాలని ముందే అడగవచ్చు. ఆ రోజు పౌడరు, చెమట వాసనకు వాడే స్ప్రేలు వద్దు. అవి బొమ్మలో తెల్లటి నలుసుల్లా పడి క్యాన్సర్‌కు గుర్తు కాగల సున్నపు చుక్కలని భ్రమపెడతాయి. చీర కంటే, పైభాగం వరకు విప్పితే సరిపోయేలా రెండు ముక్కల బట్టలు నయం. తాళి తీయమంటారేమోనని మా ఆఫీసులో ఒకావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ అమ్మాయికి ఇది రోజూ ఉండేదే, "వీపు మీదికి వేసుకోండమ్మా, చాలు" అంది. రొమ్మును పలకల మధ్య పెట్టి నొక్కుతారు. పైనుంచి ఒకటి, ఏటవాలుగా పక్కనుంచి ఒకటి, రెండు వైపులా కలిపి నాలుగు బొమ్మలు. నొక్కేది కొన్ని సెకన్లే, త్రీడీలో గొట్టం కదలాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువ. చల్లటి పలక, బిగువు, పళ్ళు బిగబట్టాలనిపించే నొప్పి, వెంటనే వదిలేస్తుంది. గట్టిగా నొక్కేకొద్దీ మందం తగ్గి బొమ్మ స్పష్టంగా, మోతాదు తక్కువగా వస్తుంది. నెలసరి ఇంకా వస్తుంటే అది అయిపోయిన తర్వాతి వారంలో వెళ్తే నొప్పి తక్కువ.

ఇక పిన్నిగారి విషయం. ఆమె అమ్మగారి తోబుట్టువా, బాబాయిగారి భార్యా అన్నది మీరు రాయలేదు. తోబుట్టువైతే అమ్మగారికి ముప్పు కొంత ఎక్కువ ఉన్నట్టే, పిన్నిగారికి 50 ఏళ్ళలోపు వచ్చి ఉంటే మరీనూ. అప్పుడు డాక్టరుకు ఆ మాట చెప్పి జన్యు పరీక్ష గురించి అడగండి. ఆ పరీక్ష వీలైతే ముందు పిన్నిగారికి చేయడమే మేలు. బాబాయిగారి భార్య అయితే రక్తసంబంధం లేదు, అమ్మగారు అందరిలాంటి 51 ఏళ్ళ మనిషే.

త్రీడీ కూడా అన్నీ పట్టేయదు. సాంద్రత 'డి' అయితే అది కూడా తడబడుతుంది, అల్ట్రాసౌండ్ జతచేస్తారు. మామోగ్రామ్‌లో ఏమీ కనిపించని అతి దట్టమైన రొమ్ములున్న వారికి ఎంఆర్ఐ అవకాశం ఇచ్చి నెదర్లాండ్స్‌లో పెద్ద అధ్యయనం చేశారు. రెండు పరీక్షల నడుమ కాలంలో బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కి తగ్గాయని 2019లో తేలింది. దాని ఖర్చు వేరే లోకం, అందరికీ అక్కర్లేదు. అలాగే వేడిని ఫొటో తీసి క్యాన్సర్ చెప్పేస్తామని శిబిరాలు పెట్టేవాళ్ళున్నారు. అది మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. మిషను ఏదైనా సరే, చేతికి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, చర్మం సొట్టపడినా, "మొన్ననే మామోగ్రామ్ బాగుందన్నారు" అని ఊరుకోకూడదు.

పెద్దవాళ్ళకు ఏం చెప్పాలి? వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. పరీక్ష చేయిస్తే వట్టి భయాలు కూడా వస్తాయి. నా కుడివైపు నీడ అలాంటిదే, తేలేలోపు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఎప్పటికీ హాని చేయని క్యాన్సర్ కూడా కొందరిలో దొరికి వైద్యం పాలవుతారు. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఐదేళ్ళకోసారి చేత్తో చేసే పరీక్షనే పెట్టింది, మామోగ్రామ్ కాదు. అది తీసిపారేయదగినదీ కాదు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది స్త్రీలను 20 ఏళ్ళు గమనించారు. రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించినందుకే 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. యాభై లోపు వారిలో ఆ లాభం కనిపించలేదు. కాబట్టి పెద్దవాళ్ళు మామోగ్రామ్‌కు ససేమిరా అంటే ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడిగి ముందు ఆ పరీక్షైనా చేయించండి. గొడవ లేకుండా ఒక అడుగు పడుతుంది. "మాట బయటికి పొక్కితే పిల్లల సంబంధాలు చెడతాయి" అనేవాళ్ళు కూడా తయారవుతారు. మా ఇంట్లోనూ అన్నారు. మామోగ్రామ్‌కు వెళ్తున్నట్టు ఊరంతా చాటాల్సిన పని లేదు, కంటి పరీక్షకని చెప్పి వెళ్ళినా మిషనుకు తెలియదు.

రిపోర్టు వచ్చాక సాంద్రత అక్షరం, బిరాడ్స్ అంకె ఇక్కడ రాయండి. పేరు, ఆసుపత్రి నంబరు కనిపించకుండా చూసుకోండి. సున్నా వస్తే మాత్రం ఇక్కడ రాసి జవాబు కోసం చూడకుండా, అదే రోజు అదే కేంద్రంలో తర్వాతి పరీక్షకు సమయం తీసుకోండి.